మేకుల మాట అటుంచి: జపాన్ గుళ్లు కట్టిన వలస వడ్రంగులు

పోయిన శుక్రవారం ఎపిసోడ్ మొత్తం విన్నవాళ్లకి ఇందులో చాలావరకు తెలిసిన సంగతే. సగంలో డేటా అయిపోయిందని, రూములో అందరూ పడుకున్నాక వినలేకపోయామని, చదువుకునేట్టు రాసిపెట్టమని చాలామంది అడిగారు. మాట్లాడింది మాట్లాడినట్టు దింపితే నా నీళ్లు నములుడు కూడా దిగుతుంది కాబట్టి కొంచెం సాఫు చేసి రాస్తున్నా.

ఈ ఎపిసోడ్‌కి కారణం రస్ అల్ ఖైమా నుంచి ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్. "అన్నా, రీల్‌ల చూసిన. జపానోళ్లు ఒక్క సీల గూడ కొట్టకుంట గుడి కడ్తరట. నిజమేనా? ఈడ మనం దినాం కిలోల కొద్ది సీలలు కొడ్తున్నం." నవ్వొచ్చింది. ఆ తర్వాత కాసేపు నవ్వు రాలేదు. ఎందుకంటే నేనూ అదే పని. పతాకా మీద నా వృత్తి 'కార్పెంటర్' అని ఉంటుంది. మాది వడ్లోళ్ల ఇల్లు. నాన్న బాడిసతో నాగలి చెక్కేవాడు, తలుపులు చేసేవాడు. నేను షార్జాకి వచ్చి 12 ఏళ్లు. ఈ 12 ఏళ్లలో ఉలి పట్టిన రోజు ఒక్కటీ లేదు. ప్లైవుడ్ కోయడం, సపోర్టు నిలబెట్టడం, కాంక్రీటు పోశాక ఊడబెరకడం, ఊడిన మేకులు ఏరడం, ఇదే నా పని. కార్పెంటర్ అంటే ఇదేనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు. అందుకే ఈ జపాన్ సంగతి వదలకుండా చదివాను.

ముందు తమ్ముడి ప్రశ్నకి జవాబు. నిజమే గానీ పూర్తిగా నిజం కాదు. నారా దగ్గర హోర్యూజి అనే బౌద్ధ ఆలయం ఉంది. ఈ రోజు లోకంలో నిలబడి ఉన్న చెక్క కట్టడాల్లో అంతకంటే పాతవి లేవు. అక్కడ మొదటి గుడి 607లో కట్టారని చెప్తారు, అది 670లో కాలిపోయిందని పాత చరిత్ర గ్రంథం రాస్తుంది. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టినది, అంటే సుమారు 1300 ఏళ్లది. దాంట్లో మేకులున్నాయి. కమ్మరి కొలిమిలో కాల్చి సాగదీసిన పొడుగాటి నలుపలకల మేకులు. కాకపోతే బరువంతా మేకుల మీద లేదు. దూలానికి గాడి తొలిచి, రెండో దూలం కొసని నాలుకలా చెక్కి అందులో దిగ్గొడతారు. భూకంపం వస్తే ఆ అతుకులు కొంచెం కదిలి, ఆ ఊపుని తమలోనే మింగేసుకుంటాయి. మేకు అక్కడ తోడు మాత్రమే.

సరే, ఆ అతుకులు వేయడం వాళ్లకి ఎవరు నేర్పారు? నాకు అసలు కథ ఇక్కడ దొరికింది.

జపాన్‌కి బౌద్ధం 6వ శతాబ్దంలో వచ్చింది. దేవుడు వచ్చాడు గానీ ఆయనకి గుడి కట్టడం అక్కడెవరికీ రాదు. రాతి పునాది మీద స్తంభం నిలపడం, పెంకు కప్పడం, అంతస్తుల గోపురం లేపడం వాళ్లు చూడని పని. అప్పుడు కొరియా ద్వీపకల్పంలోని పెక్చే రాజ్యం నుంచి మనుషులు దిగారు. 577లో సన్యాసులతో పాటు ఒక విగ్రహ శిల్పి, గుడి కట్టే ఒక పనివాడు వచ్చారని జపాన్ వాళ్ల సొంత చరిత్ర 'నిహోన్ షోకి'లో ఉంది. 588లో ఇంకో బృందం వచ్చింది. వడ్రంగులు, పెంకులు చేసేవాళ్లు, గోపురం మీద లోహపు భాగం పోతపోసేవాళ్లు, చిత్రకారుడు. ఈ రోజు మన కంపెనీలు ట్రేడు ప్రకారం వీసాలు తీసినట్టే అనిపించింది నాకు.

ఒసాకాలో కోంగో గుమి అని గుళ్లు కట్టే కంపెనీ ఉంది. 578లో మొదలైందని వాళ్ల లెక్క. పెక్చే నుంచి పిలిపించిన ముగ్గురు వడ్రంగుల్లో ఒకడు తమ మూలపురుషుడని ఆ ఇంటివాళ్లు చెప్పుకుంటారు. 593లో మొదలైన షితెన్నోజి గుడి వాళ్ల చేతి పని. తర్వాత ఆ గుడి ఎన్నిసార్లు కాలినా, గాలివానకి కూలినా మళ్లీ వాళ్లే లేపుతూ వచ్చారు. 1400 ఏళ్లు ఒకే ఇంటి చేతిలో నడిచిన ఆ వ్యాపారం చివరికి దెబ్బతిన్నది కొయ్య దగ్గర కాదు, అప్పుల దగ్గర. 2006లో ఒక పెద్ద నిర్మాణ కంపెనీ కింద చేరాల్సి వచ్చింది. ఇంకో మాట, ఇప్పుడు చూడబోతే షితెన్నోజిలో కనిపించే ముఖ్య కట్టడాలు 1960ల నాటి కాంక్రీటువి. అంటే ఆ గుడికి కూడా మనలాంటి షట్టరింగ్ వాళ్లే పని చేసి ఉంటారు.

ఇక నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వని భాగం చెప్తా. హిదా వాళ్ల కథ.

హిదా అంటే జపాన్ నడిమధ్య కొండల సీమ. తకయామా అనే ఊరు అక్కడిదే. వరి తక్కువ, చెట్టు ఎక్కువ. 8వ శతాబ్దంలో నారా రాజధాని కడుతున్నప్పుడు చట్టంలో ఈ ఒక్క సీమకి వేరే పద్ధతి పెట్టారు. మిగతా సీమలవాళ్లు బట్టో సరుకో పన్నుగా కట్టాలి. హిదా వాళ్లకి ఆ పన్నులు మాఫీ. బదులుగా మనుషుల్ని పంపాలి. 50 ఇళ్ల ఊరు ఒక్కొక్కటీ 10 మంది వడ్రంగుల్ని పంపాలి. ఏడాదికోసారి మనుషులు మారతారు. ప్రతి నలుగురు వడ్రంగులకి వండిపెట్టడానికి ఒక మనిషి. ఊళ్లో మిగిలిన మగవాళ్లు బియ్యం కట్టాలి, ఆ బియ్యం పోయినవాళ్ల తిండికి.

మెస్ లెక్క కూడా చట్టంలోనే రాసిపెట్టారు, చూశారా. నలుగురికి ఒక వంటవాడు! మా క్యాంపులో 40 మందికి ఒక్కడు.

ఊహించుకోండి. కొండలు దిగి రోజుల తరబడి నడిచి రాజధానికి చేరతారు. అక్కడ రాజభవనాలు, పెద్ద పెద్ద గుళ్లు లేస్తున్నాయి. ఏడాదంతా పని. ఇంటి దగ్గర పొలం ఎవరో చూడాలి. పంపినవాళ్లు బియ్యం కట్టలేక అవస్థ పడుతుంటారు. 794లో రాజధాని ఇప్పటి క్యోటోకి మారింది, అంటే మళ్లీ ఇంకో ఊరు మొత్తం మొదటినుంచి కట్టాలి. ఏం జరుగుతుంది? మనకి తెలిసిందే జరిగింది. మనుషులు పారిపోయారు.

796లో ఒక ఉత్తర్వు వచ్చింది, పారిపోయిన హిదా వడ్రంగుల్ని వెతికి పట్టుకోమని. 834లో ఇంకోటి. అందులో ఒక మాట ఉంది. హిదా మనుషుల మాట, ముఖం వేరే సీమల వాళ్లలా ఉండవు కాబట్టి పేరు మార్చుకున్నా గుర్తుపట్టడం కష్టం కాదని దాని సారాంశం.

ఇది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. మన భాషలో వీళ్లని ఏమంటాం? కల్లివెల్లి. కంపెనీ వదిలేసి, కాగితం లేకుండా, ఎక్కడో చిన్న సైటులో దొంగచాటుగా పని చేసుకునే మనిషి. 1200 ఏళ్ల కిందట జపాన్‌లో అదే మనిషి ఉన్నాడు. పేరు మార్చుకున్నాడు, కానీ యాసతో దొరికిపోయాడు. వాణ్ణి ఎవరు దాచారు? బహుశా పని తెలిసినవాడు కాబట్టే దాచి ఉంటారు. ఏ చిన్న గుడి వాళ్లో, ఏ పెద్ద రైతో, మంచి వడ్రంగి తక్కువలో దొరికాడని పెట్టుకుని ఉంటారు. ఇది నా ఊహ మాత్రమే, ఎక్కడా రాసిలేదు. అయితే ఉత్తర్వు మీద ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటే, పోయినవాళ్లందరూ తిరిగి రాలేదనే కదా.

ఇప్పుడు అదే తకయామాలో 'హిదా నో తకుమి', అంటే హిదా పనిమంతుడు, అనే మాట గొప్ప బిరుదు. సామాన్ల మీద, హోటళ్ల మీద, టూరిస్టు బొమ్మల మీద ఉంటుంది. పట్టుకురమ్మని వెతికిన మనిషే ఇప్పుడు ఊరికి గుర్తు.

పనిముట్ల గురించి రెండు మాటలు చెప్పకపోతే మా నాన్న ఒప్పుకోడు. మనం రీల్స్‌లో చూసే జపాన్ చిత్రిక, మా దగ్గర రంద అంటాం, అది ఎదురుగా తొయ్యరు, తమ వైపు లాగుతారు. రంపం కూడా లాగినప్పుడే కోస్తుంది. లాగే రంపానికి పలక పలచగా ఉండొచ్చు, ఎందుకంటే లాగితే పలక బిగుసుకుంటుంది, తోస్తే వంగుతుంది. పలచటి పలక అంటే సన్నటి కోత, తక్కువ పొట్టు. కానీ ఈ చిత్రిక వాళ్ల దగ్గర ఆది నుంచి ఉన్నది కాదు. హోర్యూజి కట్టినప్పుడు దిమ్మెలో బిగించిన చిత్రికా లేదు, దుంగని నిలువునా కోసే పెద్ద రంపమూ లేదు. ఉలులు దిగ్గొట్టి దుంగని పగలగొట్టేవారు, బాడిసతో చెక్కేవారు, ఆఖరున యరిగన్నా అనే ఈటెలాంటి కత్తితో గీరేవారు. ఇద్దరు మనుషులు లాగే పెద్ద కోత రంపం సుమారు 15వ శతాబ్దంలో వచ్చింది, అదీ సముద్రం అవతల నుంచే. దిమ్మె చిత్రిక ఆ తర్వాత పాకింది. చిత్రిక రాగానే యరిగన్నాని జనం మర్చిపోయారు.

గీత కొట్టేది సుమిత్సుబో. మన లైన్‌దోరి లాంటిదే, కాకపోతే చిన్న చెక్క గిన్నెలో సిరా తడిపిన దూది ఉంటుంది, దారం దాంట్లోంచి తడుస్తూ బయటికొస్తుంది. నారాలో తోదైజి గుడి దక్షిణ ద్వారం ఉంది కదా, 1199లో లేపింది. యుద్ధంలో తోదైజి కాలిపోయాక దాన్ని మళ్లీ కట్టించే బాధ్యత చోగెన్ అనే సన్యాసి తీసుకున్నాడు. ఆ పనిలో చైనా నుంచి వచ్చిన చెన్ హెచింగ్ అనే పనిమంతుడు ఆయనకి కుడిభుజం. మళ్లీ వలస మనిషే. ఆ ద్వారాన్ని 1879లో మరమ్మతు చేస్తుంటే పైన దూలం మీద ఒక పాత సుమిత్సుబో దొరికింది. ఎవడో వడ్రంగి దిగేటప్పుడు మర్చిపోయాడు. వాడి పేరు తెలీదు. వస్తువు మాత్రం ఇప్పుడు టోక్యోలో కళల విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. పైన మర్చిపోయిన టేపు కోసం నేను ఎన్నిసార్లు మళ్లీ మచాన్ ఎక్కానో! వాడు ఎక్కలేదు. లేదా ఆ రోజు వాడికి ఆఖరి రోజేమో.

1876లో జపాన్ ప్రభుత్వం మామూలు జనం కత్తి కట్టుకుని తిరగడం నిషేధించింది. కత్తులు కొట్టే కమ్మరులకి పని పోయింది. వాళ్లలో కొందరు ఉలులు, చిత్రిక కత్తులు కొట్టడానికి మళ్లారు. అలాంటి ఇంట్లో పుట్టి పేరు తెచ్చుకున్నవాడు చియోజురు కొరెహిదె (1874-1957). మెత్తటి ఇనుము మీద పలచగా గట్టి ఉక్కు పొర అతికించే పద్ధతి ఆ కత్తుల్లో ఉంటుంది. ఉక్కు పదును నిలుపుతుంది, ఇనుము దెబ్బని ఆపుతుంది, సానరాయి మీద తొందరగా అరుగుతుంది కూడా. ఆయన వాడిన ఉక్కు చాలామటుకు ఇంగ్లాండ్ నుంచి వచ్చింది. మనిషి బయటివాడు, రంపం బయటిది, ఉక్కు బయటిది. అయినా ఆ పని జపాన్‌దే, దాన్ని నేను కాదనను. ఎన్నో తరాలు కూర్చుని చేశారు కాబట్టి వాళ్లదైంది.

ఇక నేర్చుకోవడం సంగతి. హోర్యూజి వడ్రంగుల ఇంట్లో 1908లో నిషియోకా త్సునెకజు పుట్టాడు. తాత అక్కడ పెద్దమేస్త్రి. మనవణ్ణి ఏ ఇంజనీరింగ్ బడికో పంపాల్సింది పోయి తాత వ్యవసాయ బడికి పంపాడు. చెట్టు మట్టిలోంచి వస్తుంది, ముందు మట్టి తెలియాలి అని. ఆ ఇంట్లో నోటిమాటగా వచ్చిన సూత్రాలుండేవి. చెక్క కొనొద్దు, కొండనే కొను. దక్షిణపు వాలులో పెరిగిన చెట్టుని గుడి దక్షిణం వైపే వాడు. గాలికి మెలితిరిగిన చెట్టుని పారెయ్యకు, ఎదురు మెలిక ఉన్నదానితో జత కట్టు. మా నాన్నకి ఫోన్‌లో ఇది చెప్తే "గిది గూడ చదువాల్నారా, తుమ్మ చెట్టు జూస్తె ఎర్కైతది" అన్నాడు.

1934లో హోర్యూజి కట్టడాల్ని ఒక్కొక్కటీ విప్పి మరమ్మతు చేసే పెద్ద పని మొదలై, యుద్ధం మీదుగా 20 ఏళ్లు సాగింది. నిషియోకా అందులోనే పెరిగాడు. పాత స్తంభాల మీద గీతలు చూసి, ఇది ఇప్పటి చిత్రిక పని కాదు, యరిగన్నా పని అని పట్టుకున్నాడు. ఆ పనిముట్టు వాడినవాడు ఒక్కడూ బతికి లేడు. ఖడ్గాలు చేసే కమ్మరితో కొత్తగా కొట్టించుకుని, ఎలా పట్టాలో, ఏ కోణంలో లాగాలో తనంతట తాను వెతుక్కున్నాడు. చచ్చిపోయిన పనిని చెక్క మీది గీతల్లోంచి చదివి లేపాడన్నమాట. 1949 జనవరిలో హోర్యూజి ముఖ్య మందిరం లోపల మంటలు లేచి పాత గోడ చిత్రాలు కాలిపోయాయి. పైభాగాన్ని అప్పటికే విప్పి పక్కన పెట్టడం వల్ల అది మిగిలింది. ఆ మంట తర్వాతే, 1950లో, జపాన్ సాంస్కృతిక సంపద రక్షణ చట్టం తెచ్చుకుంది.

తర్వాత ఆయన యకుషిజి గుడిలో పెద్ద పనికి మేస్త్రి అయ్యాడు. లోపలి విగ్రహాలకి మంట తగలకుండా కాంక్రీటు గది ఉండాలని పండితులు పట్టుబట్టారు. కాంక్రీటు ఎన్నేళ్లు నిలుస్తుందని ఈయన గొడవపడ్డాడు. ముఖ్య మందిరం 1976లో కాంక్రీటు గదితోనే పూర్తయింది, అక్కడ ఆయన ఓడాడు. 1981లో పడమటి గోపురం పూర్తయినప్పుడు మాత్రం ఆయన లెక్కే నెగ్గింది. ఎదురుగా ఉన్న పాత తూర్పు గోపురం కంటే దీన్ని సుమారు ఒక అడుగు ఎత్తుగా కట్టాడు. చెక్క అణగడానికి, నేల కుంగడానికి వందల ఏళ్లు పడుతుంది, అప్పటికి రెండూ సమానం అవుతాయని. సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి మనం ఉండం.

ఆయనకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ ఈ పనికి రాలేదు. గుడి పని ఉంటే కూలి, లేకపోతే పొలం. ఆ ఇంటి కష్టం చూసిన పిల్లలు ఎందుకు వస్తారు? నేనూ అందుకే దుబాయ్ విమానం ఎక్కాను.

వచ్చినవాడు బయటివాడు, ఒగావా మిత్సువో. హైస్కూల్లో ఉండగా విహారయాత్రకి వచ్చి హోర్యూజి గోపురం చూసి ఆగిపోయాడు. 18 ఏళ్లకి వచ్చి శిష్యుడిగా చేర్చుకోమంటే నిషియోకా పొమ్మన్నాడు, పని లేదు కాబట్టి. వేరేచోట్ల పనులు నేర్చుకుని, కొన్నేళ్లకి మళ్లీ వచ్చి చేరాడు. గురువు చెప్పిన మొదటి పాఠం ఇది. ఒక్క ఏడాది టీవీ వద్దు, రేడియో వద్దు, పేపరు వద్దు. సానపట్టు. ఒకసారి చిత్రిక లాగి, గాలికి ఎగిరేంత పలచటి పొట్టు చూపించి, ఇలా రావాలి అన్నాడట. అంతే. ఒగావా ఆ పొట్టుని గోడకి అంటించుకుని రోజూ దాన్ని చూస్తూ సానపట్టుకున్నాడు. 1977లో ఆయన ఇకరుగా కోషా అని సంస్థ పెట్టాడు. కుర్రాళ్లు అక్కడే ఉండి, కొత్తగా వచ్చినవాడు అందరికీ వండుతూ, ఊడుస్తూ, సాయంత్రాలు సానరాయి ముందు కూర్చుంటారు. పదేళ్లు పట్టినా పట్టొచ్చు.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. ఇలాంటి కథలు విని 'ఆహా' అనడం ఏసీ గదిలో కూర్చున్నవాడికి తేలిక. జీతం సరిగ్గా లేకుండా వంట చేయించి, నోరెత్తకుండా చూసి నేర్చుకోమనడాన్ని మనం బాగా ఎరుగుదుం. మొదట్లో నా ఫోర్‌మెన్ ఒకాయన ఆరు నెలలు మేకులే ఏరించాడు, దానికి గురుకులం అని పేరు పెట్టలేను. తేడా ఎక్కడంటే, సానపట్టే ఆ కుర్రాడికి ఒక రోజు దూలం చేతికి వస్తుంది. నాకు మేకుల తర్వాత ఇంకో బస్తా మేకులు వచ్చాయి.

2020లో జపాన్ చెక్క కట్టడాల పనితనాన్ని యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అదే ఏడాది జనాభా లెక్కల్లో జపాన్ మొత్తం వడ్రంగులు 3 లక్షలకి కొంచెం తక్కువ. 1980లో 9 లక్షలు దాటి ఉండేవారు. ఉన్నవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ. అందుకే 2019 నుంచి నిర్మాణ పనులకి కూడా బయటి మనుషుల్ని తీసుకునే కొత్త వీసా పెట్టారు, మన దేశంతో 2021లో ఒప్పందం చేసుకున్నారు. ఇది విని ఏజెంటు దగ్గరికి పరుగెత్తకండి, దయచేసి. భాష పరీక్ష, పని పరీక్ష రెండూ పాసవ్వాలి. వెళ్లినవాళ్లలో చాలామందికి దొరికేది మామూలు సైటు పనే, గుడి దూలం కాదు. 588లో ఓడ దిగినవాళ్లు వచ్చింది నేర్పడానికి. ఇప్పుడు రమ్మంటున్నది చేతులు చాలక.

ఎపిసోడ్ రికార్డు చేసిన రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి, బాడిస చూపించమన్నా. అటక మీంచి దించాడు. పిడి తుమ్మది, తాత చేసింది. కత్తికి తుప్పు. "సానవెడ్తె అయితది" అన్నాడు. ఎన్ని రోజులు పడుతుందని అడిగితే, "నువ్వొచ్చినంక సూద్దాం" అని మళ్లీ గుడ్డలో చుట్టేశాడు. టికెట్ నవంబర్‌కి.

మీ ఇళ్లల్లో ఏ పనిముట్లు అటకెక్కాయో, మీ ఊళ్లో వాటిని ఏ పేరుతో పిలుస్తారో వాయిస్ మెసేజ్ పెట్టండి. కమ్మరోళ్లు, సాలోళ్లు, కుమ్మరోళ్లు, ఏ పనివాళ్లైనా సరే. వచ్చే శుక్రవారం అవే వినిపిస్తా.